హిరణ్యకశిపుడి వరంలో బగ్గు

"మన తెలుగోళ్ళకి సూపర్‌పవర్ కథలు రాసే ఊహ లేదు బాస్!" బ్రాండన్ శాండర్సన్ 'రెకనర్స్' నవలలు చదివిన ప్రతివాడూ ఆఫీసులో ఇదే పాట. వింటే ఒళ్ళు మండుతుంది.

2013లో వచ్చిన 'స్టీల్‌హార్ట్' నాకూ ఇష్టమే. షికాగోని ఉక్కుగా మార్చేసిన నియంత, వాణ్ణి చంపాలని తిరిగే కుర్రాడు, పేజీ పేజీకీ పరుగే. కానీ కథంతా నడిచేది ఒక్క కిటుకు మీద: శక్తి ఉన్న ప్రతివాడికీ ఓ బలహీనత ఉంటుంది, దాన్ని కనిపెట్టాలి.

జూపాడు బంగ్లా వాడికి ఇది కొత్తా? అహోబిలం మా నంద్యాల జిల్లాలోనే ఉందండీ! పగలు గానీ రాత్రి గానీ, ఇంట్లో గానీ బయట గానీ, మనిషి వల్ల గానీ మృగం వల్ల గానీ చావకూడదు - హిరణ్యకశిపుడు రాయించుకున్నది పక్కా స్పెసిఫికేషన్. నరసింహుడు సంధ్యవేళ, గడప మీద బౌండరీ కండిషన్లన్నీ పట్టేశాడు. ఇంతకన్నా మంచి టెస్టర్ ఉంటే చూపించండి.

ఆ కిటుకుని హరికథలకి వదిలేసి, ఏ లోపమూ లేకుండా వందమందిని కొట్టే సినిమా హీరోకి ఈలలేస్తున్నాం. శాండర్సన్ దాంతోనే మూడు నవలలు లాగి, 2016లో 'కలామిటీ'తో ముగించాడు.

మా మండలంలో పోతిరెడ్డిపాడు గేట్లని చేత్తో ఎత్తగలిగేవాడు, నీళ్ళు తగిలితే మాత్రం శక్తి పోయేవాడు - ఇది చాలదూ నవలకి? ఎవరైనా రాస్తే "చందమామ కథ" అని ముందు వెక్కిరించేది ఈ 'ఊహ లేదు' బ్యాచే.