కొయ్యకపోతే చచ్చే మొక్క

మా బాల్కనీలో మొదటి బేసిల్ మొక్క చచ్చిపోయింది చీడ వల్లో, ఎండ వల్లో కాదు. మా భక్తి వల్ల!

ఫలూదా కోసం కొన్న సబ్జా గింజలు కాసిని మిగిలితే ఓ కుండీలో చల్లాను. వారం తిరక్కుండానే మొలకలొచ్చాయి. సబ్జా అంటే బేసిల్ గింజలేనని అప్పటిదాకా నాకూ తెలీదు లెండి. మొక్క జానెడు ఎదిగాక చిగురు తుంచబోతే అమ్మ గయ్యిమంది.

"శుక్రవారం పూట తులసి తుంచుతావేంట్రా?"

"ఇది ఆ తులసి కాదమ్మా" అంటే వింటేగా! సర్లే అని వదిలేశా. శుక్రవారం అయ్యాక ద్వాదశి, ఆ తర్వాత మంగళవారం... ఈలోగా పూత వచ్చేసింది. బావుందని ఫోటోలు కూడా తీశాను. ఆ తర్వాత ఆకులు చిన్నవయ్యాయి, కాండం కట్టెలా తయారైంది, గింజ ముదిరింది, మొక్క ఎండిపోయింది. దాని తప్పేం లేదు. ఇది ఏడాది మొక్క. గింజ ఇచ్చేస్తే దాని పని అయిపోయినట్టే.

రెండోసారి మొహమాటపడలేదు. మూడు నాలుగు జతల ఆకులు రాగానే, ఒక జతకి సరిగ్గా పైన కత్తిరించేశా. ఆ జత మొదట్లోంచి రెండు కొమ్మలొస్తాయి. వాటిని కోస్తే నాలుగు, మళ్ళీ కోస్తే ఎనిమిది. రోజూ కోడ్ రాసే నాకు ఈ లెక్క ఇంత ఆలస్యంగా తట్టడం సిగ్గుచేటే! ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ కొయ్యకూడదు. మొగ్గ కనబడితే మాత్రం ఆ రోజే తుంచెయ్యాలి. కోసిన రెమ్మల్ని ఫ్రిజ్‌లో పెడితే నల్లబడతాయి, గ్లాసు నీళ్ళలో పెట్టి బయటే ఉంచితే హాయిగా ఉంటాయి. కొన్నిటికి వేళ్ళు కూడా వస్తాయి, ఇంకో కుండీ రెడీ.

ఓ రోజు టమాటా చారు దించాక నాలుగాకులు తుంచి వేశా. సోంపు లాంటి ఆ వాసనకి అమ్మ వంటింట్లోకొచ్చింది. ఆకు నలిపి చూసి, "ఇది రుద్రజడ కదరా! మా అమ్మమ్మగారింట్లో నూతి పక్కన ఉండేది" అంది. ఇప్పుడు నాకంటే ముందు కత్తెర పట్టుకునేది ఆవిడే. శుక్రవారమైనా సరే!

నాకు బాధేసిందేమిటంటే, పెరట్లో పెరిగిన మొక్క పేరు ఒక్క తరంలో మర్చిపోయి, అదే జాతి ఆకుని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి "ఇటాలియన్" అంటే ఎగబడి కొంటున్నాం. అక్కడి రకం వాసన కాస్త వేరు, నిజమే. కానీ మొక్క ఒకటే.

పూజించే తులసిని పూజించండి, కాదనను. దీన్ని మాత్రం దణ్ణం పెట్టకుండా కోసుకోండి. వాడుకోవడమే దీన్ని బతికించుకోవడం, మొక్కనైనా, పేరునైనా.

మీ ఇళ్ళల్లో దీన్ని ఏమనేవాళ్ళో పెద్దవాళ్ళని ఓసారి అడిగి చూడండి.