పీత పిల్లకు ఏం మేపారో అడగండి

మండపీత వేద్దామనుకునే రైతు సోదరులు పిల్ల ధర అడుగుతారు, సైజు అడుగుతారు. హేచరీలో దానికి ఏం మేపారని అడిగేవారు తక్కువ. అరెకరం చెరువున్న చిన్న రైతుకు తేడా వచ్చేది అక్కడే.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల పీతలా ఉండదు. నీళ్ళలో తేలే నలుసు. జోయియా అంటారు. అయిదు దశలు జోయియాగా గడిపి, మెగలోపాగా మారి, ఆ తరువాతే బుల్లి పీత అవుతుంది. తల్లి లక్షల్లో గుడ్లు పెట్టినా చేతికొచ్చేది కొంచెమే. అయిదో జోయియా మెగలోపాగా మారేటప్పుడు పాత కుబుసం వదలలేక చాలా పిల్లలు చస్తాయి. నీళ్ళు, రోగాలు కూడా కారణాలే గాని, మేతలో కొవ్వు లోపాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కొవ్వంటే ఏ నూనె అయినా సరిపోదు. ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే రెండు కొవ్వు ఆమ్లాలు కావాలి. పీత పిల్ల వాటిని చాలినంత తయారు చేసుకోలేదు, మేతలోనే అందాలి. తవుడు నూనెలో, వేరుశనగ నూనెలో ఇవి దొరకవు. చేపనూనెలో, సముద్రపు సూక్ష్మ నాచులో ఉంటాయి.

హేచరీలో మొదట రోటిఫర్లు, తరువాత ఆర్టీమియా వేస్తారు. అమెరికా ఉప్పు సరస్సు నుంచి వచ్చే ఆర్టీమియా గుడ్లు ఖరీదైనవే. అయినా అప్పుడే పొదిగిన ఆర్టీమియాలో డి.హెచ్.ఎ. దాదాపు ఉండదు! అందుకే ముందు దానికి చేపనూనె ఎమల్షనో, నాచో తినిపించాలి. పుట్టగానే దానికి నోరు తెరుచుకోదు, కొన్ని గంటలు ఆగాలి. తినిపించాక వెంటనే పిల్లలకు వేసెయ్యాలి. నిలవ పెడితే ఆ డి.హెచ్.ఎ.ను అదే కరిగించుకుంటుంది. మోతాదు మించినా ముప్పే, పిల్ల వేళకు ముందే ముదిరి కుబుసం దగ్గరే చిక్కుకుంటుంది. ఇదంతా ఖర్చు, చాకిరీ. ఎగ్గొట్టాలని చూసేవాళ్ళుంటే ఆశ్చర్యమేముంది?

తమిళనాడు తొడువాయ్‌లో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం 2013లో పీత హేచరీ పెట్టింది. నాగాయలంక, నిజాంపట్నం వైపు చిన్న రైతులకు అంత దూరపు ప్రయాణం భారమే. మడ అడవుల్లో పిల్లల్ని ఏరుకొస్తూ పోతే ఎన్నాళ్ళు? మన తీరంలోనే సర్కారు హేచరీలు పెరగాలి. వడ్ల విత్తనం సంచికి మొలక శాతం చీటీ ఉన్నట్టే, పీత పిల్లకూ ఏ మేత, ఏ ఎమల్షన్ అని చీటీ ఇవ్వాలి. హైదరాబాద్ విద్యానగర్ పక్కన రాంనగర్ మార్కెట్లో కొనేవారికి తూకం చాలు, మనకు చాలదు.

పదిమంది కలిసి పిల్లకు ఆర్డరివ్వండి. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే ఈ సంగతి అడగండి. తెచ్చిన పిల్లను నేరుగా చెరువులో వదలక, వల హాపాల్లో కొన్నాళ్ళు ఉంచి లెక్కపెట్టుకోండి.