పొదుపు బటన్‌లో లేదు, పాదంలో ఉంది



"కారులో ఈకో మోడ్ ఉంది, అయినా షోరూంలో చెప్పిన మైలేజీ రావడం లేదండీ." సాయంత్రం బడి గేటు దగ్గర పిల్లల కోసం ఎదురుచూసేటప్పుడు ఈ మాట తరచుగా వినిపిస్తుంది. చిత్రమేమిటంటే, ఆ మాట అంటున్న సమయానికి పక్కనే ఆగి ఉన్న కారు ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది, లోపల ఏసీ తిరుగుతూనే ఉంటుంది. మైలేజీ ఎక్కడ పోతోందో అక్కడే కనిపిస్తోంది కదా!

ముందుగా ఈ మోడ్ ఏం చేస్తుందో చూద్దాం. పాత కార్లలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఒక కేబుల్ ఉండేది. ఇప్పటి కార్లలో మనం పెడల్ ఎంత నొక్కామో ఒక సెన్సర్ చెబుతుంది, దాన్నిబట్టి ఇంజిన్ ఎలా స్పందించాలో కారులోని కంప్యూటర్ నిర్ణయిస్తుంది. టాటా నెక్సాన్‌లో ఈకో, సిటీ, స్పోర్ట్ అని మూడు మోడ్లు ఉంటాయి. కొన్ని హోండా కార్లలో ఆకుపచ్చ ఎకాన్ బటన్ ఉంటుంది. పేరు ఏదైనా పని దాదాపు ఒకటే. ఈకోలో అదే నొక్కుడుకు ఇంజిన్ నెమ్మదిగా స్పందిస్తుంది. ఆటోమేటిక్ కారైతే త్వరగా పై గేరుకు మారుతుంది. కొన్ని కార్లలో ఏసీ కూడా కాస్త తగ్గి పనిచేస్తుంది. స్పోర్ట్‌లో ఇదంతా తలకిందులు: ఇంజిన్ చురుగ్గా లేస్తుంది, కింది గేరులోనే ఎక్కువసేపు ఉంటుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

అంటే ఈకో మోడ్ మన తొందరకు కళ్లెం వేస్తుంది, అంతే. కారు నెమ్మదిగా లేస్తోందని మనం పెడల్ ఇంకా గట్టిగా నొక్కితే ఆ కళ్లెం తెగిపోయినట్టే. పై గేరులో ఒకే వేగంతో సాగుతున్నప్పుడు ఏ మోడ్‌లో ఉన్నా ఖర్చులో పెద్ద తేడా రాదు. మాన్యువల్ కారులో గేరు మార్చేది మన చెయ్యే కాబట్టి బటన్ ప్రభావం ఇంకా తక్కువ.

నడిపే తీరు ప్రభావం మాత్రం తక్కువేమీ కాదు. దూకుడుగా వేగం పెంచడం, వెంటనే బ్రేకు తొక్కడం వల్ల హైవే వేగాల్లో 15 నుంచి 30 శాతం, ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం దాకా మైలేజీ పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. మన దారుల సంగతి మీకు తెలియనిది కాదు. అచ్చంపేట నుంచి సత్తెనపల్లి వైపు వెళ్లినా, మాదిపాడు, కోనూరు నుంచి పిల్లలను తీసుకొచ్చినా, మలుపుకో ట్రాక్టరు, ఊరుకో స్పీడు బ్రేకరు, మధ్యలో గేదెలు. మిరప సీజన్‌లో టిక్కీలతో గుంటూరు యార్డుకు పోయే బళ్లు సరేసరి. ముందు ట్రాక్టరు కనిపిస్తున్నా వేగం పెంచి, దాని వెనక బ్రేకు తొక్కామంటే, అప్పుడే కాల్చిన పెట్రోలును బ్రేకు వేడిగా మార్చి గాలిలో కలిపినట్టే.

ఆ తొందరతో దక్కేదెంత? 30 కిలోమీటర్ల దూరాన్ని 60 వేగంతో వెళితే అరగంట. ఎక్కడా ఆగకుండా 80తో వెళ్లగలిగినా మిగిలేది ఏడున్నర నిమిషాలు. గాలి నిరోధం మాత్రం 78 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పాటు పెరిగేది. మన పదో తరగతి పిల్లలను అడిగినా ఈ లెక్క చేసి చూపిస్తారు.

పొదుపు పేరుతో కొందరు చేసే మరో పని గురించి హెచ్చరించాలి. వాలులో బండిని న్యూట్రల్ చేయడం, కొందరైతే ఏకంగా ఇంజిన్ ఆపేయడం. ఇది కార్బురేటర్ కాలపు అలవాటు. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లు గేరులో సాగుతుండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరుగుతూ ఉండటానికి కొంత కాలుస్తూనే ఉండాలి. ఇక ఇంజిన్ ఆపితే బ్రేకు బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. వెనక సీట్లో పిల్లలున్నప్పుడు ఆ ప్రయోగం వద్దు. అలాగే ఈకోలో కారు ఆలస్యంగా అందుకుంటుంది కాబట్టి, ఎదురుగా వాహనం వస్తుండగా దాన్ని నమ్ముకుని ట్రాక్టరును దాటే ప్రయత్నం చేయకండి.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం. ఏసీతో నిలిచి ఉన్న కారు గంటకు సుమారు ఒక లీటరు కాలుస్తుందనుకుందాం. రోజుకు 15 నిమిషాలు, నెలకు 24 రోజులు: అది 6 లీటర్లు. అలాంటి కార్లు ఇరవై ఉంటే 120 లీటర్లు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, నెలకు 276 కిలోలు. ఒక్క కిలోమీటరు కూడా కదలకుండా!

"నెలకు ఆరు లీటర్లేగా, మేం కట్టే ఫీజు ముందు అదెంత?" అని మీరు నవ్వవచ్చు. నిజమే, డబ్బు లెక్క మాత్రమే అయితే నేను ఇంత రాసేవాడిని కాదు. కారు పొగ గొట్టం ఉండేది మన మోకాలి ఎత్తున. ఒకటో తరగతి పిల్లలకు అది ముఖానికి ఎంత దగ్గరో ఒకసారి వంగి చూడండి. గేటు తెరిచాక వాళ్లు ఆ బళ్ల మధ్య నుంచే నడిచి వస్తారు. వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్నాయి.

ఆగినప్పుడు ఇంజిన్ ఆపమని, 45 నుంచి 55 వేగంలో నడపమని పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. ఢిల్లీ ప్రభుత్వం 2020లో సిగ్నళ్ల దగ్గర ఇంజిన్లు ఆపించడానికి ప్రత్యేకంగా ప్రచారమే చేసింది. మన గేటుకు అంత ప్రచారం అక్కర్లేదు, మనం అనుకుంటే చాలు. ఎండాకాలం చంటిబిడ్డతో కారులో కూర్చున్న తల్లి ఏసీ వేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. మిగతావాళ్లం చెట్టు నీడకు రావచ్చు. ఈ నియమం మన స్కూలు బస్సులకూ వర్తించాలని యాజమాన్యాన్ని కోరుతున్నాను. పెద్ద బండి డీజిల్ పొగ పక్కనే ఉండగా చిన్న బండికి నీతులు చెబితే బాగుండదు.

చివరగా ఒక చిన్న పని. ఈ నెల మీ అబ్బాయికో అమ్మాయికో ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఆటో కట్ అయ్యేదాకా పెట్రోలు కొట్టించి మీటరు రీడింగు రాయించండి. మళ్లీ అదే బంకులో అలాగే కొట్టించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను బిల్లులోని లీటర్లతో భాగించమనండి. మొదటి నెల ఎప్పటిలాగే నడపండి. రెండో నెల ఐదు నిమిషాలు ముందు బయలుదేరి, మెత్తగా నడిపి, ఆగిన చోట ఇంజిన్ ఆపండి. ఈకో బటన్ రెండు నెలలూ ఒకేలా ఉంచండి, అప్పుడే మీ పాదం చేసిన తేడా విడిగా తెలుస్తుంది.

లెక్క రాసేది మీ బిడ్డ కాబట్టి మీరు ఎలా నడుపుతున్నారో కూడా గమనిస్తుంది. ఇంకొన్నేళ్లలో తనూ స్టీరింగ్ పట్టుకుంటుంది. అప్పటికి తనకు గుర్తుండేది మీరు చెప్పిన జాగ్రత్తల కంటే మీరు నడిపిన తీరే.