ఫొటో ఎడిటింగ్: ఏది యాక్షన్‌కి, ఏది కంటికి

ఫొటో ఎడిటింగ్‌లో పని రెండు రకాలు. ఏ ఫొటోకైనా ఒకేలా జరిగేది ఒకటి, ఫొటోను చూస్తే తప్ప తేలనిది రెండోది. సైజు మార్చడం, స్టూడియో పేరు వేయడం, జేపెగ్‌గా సేవ్ చేయడం మొదటి రకం. క్రాప్, ముఖం మీద వెలుగు, ఒంటి రంగు రెండో రకం. మొదటి రకం పనిని పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్కో ఫొటోకూ చేత్తో చేస్తే ఆ భారమంతా ఎడిటర్ మణికట్టు మీదా, కళ్ల మీదా పడుతుంది. అది కచ్చితంగా తప్పించవలసిన శ్రమ.

ఇందుకు ఫొటోషాప్‌లో ‘యాక్షన్స్’ ఉన్నాయి. 1996లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచీ ఈ సదుపాయం ఉంది. రికార్డ్ నొక్కి ఒక ఫొటో మీద పని చేసి ఆపితే ఆ అంచెలన్నీ వరుసగా నమోదవుతాయి. తర్వాత ఏ ఫొటో తెరిచి ప్లే నొక్కినా అవే నడుస్తాయి. ఫైల్ మెనూలో ఆటోమేట్ కింద ఉండే ‘బ్యాచ్’కు ఆ యాక్షన్‌నూ, ఒక ఫోల్డర్‌నూ అప్పగిస్తే ఫోల్డర్ మొత్తం పూర్తవుతుంది.

పాస్‌పోర్ట్ సైజు ఫొటోనే తీసుకుందాం. 35×45 మిల్లీమీటర్ల ఫొటో 300 రిజల్యూషన్‌లో 413×531 పిక్సెళ్లు. చుట్టూ తెల్ల అంచు కలిపి కాన్వాస్‌ను 450×600కు పెంచితే, 1800×1200 పిక్సెళ్ల 4×6 అంగుళాల షీట్ మీద అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, మొత్తం ఎనిమిది సరిగ్గా పడతాయి. కత్తిరించడానికి సందూ మిగులుతుంది. ఈ లెక్క ఎవరి ఫొటోకైనా మారదు కాబట్టి ఇది యాక్షన్‌కి వదిలేయాల్సిన పని. తల ఎక్కడుందో మాత్రం మనిషి మనిషికీ మారుతుంది. అందుకే క్రాప్ అంచె పక్కన ఉండే డైలాగ్ గుర్తును ఆన్ చేయాలి. యాక్షన్ అక్కడ ఆగుతుంది. ఎడిటర్ క్రాప్ సరిచూసి ఎంటర్ నొక్కాకే ముందుకు సాగుతుంది.

పెళ్లి ఫొటోలకు లైట్‌రూమ్ ‘సింక్’ ఎక్కువ అనుకూలం. ఒక ఫొటోకు వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ సరిచేసి మిగతావాటికి అంటించవచ్చు. జీలకర్ర-బెల్లం నుంచి తలంబ్రాల దాకా అదే మండపం, అవే లైట్లు అయితే ఆ వరుసంతా ఒక్కసారే సర్దుకుంటుంది. అరుంధతిని చూపించడానికి ఆరుబయటికి వచ్చారంటే వెలుగు మారినట్టే. అక్కడ కొత్తగా ఒక ఫొటో సరిచేసి మళ్లీ సింక్ చేయాలి. సింక్ పెట్టెలో క్రాప్, మచ్చలు తీసే దిద్దుబాట్ల టిక్కులు తీసేయాలి. లేదంటే ఒకరి ముఖం మీద చేసిన దిద్దుబాటు మరొకరి ముఖం మీద పడుతుంది.

ఆటోమేషన్‌లో తప్పు జరిగితే అది ఫోల్డర్ మొత్తానికీ జరుగుతుంది. అడ్డం ఫొటోకు వెడల్పు ఇంత అని రికార్డ్ చేసిన సైజు నిలువు ఫొటోకు కుదరదు. రెంటికీ సరిపోయేది ఆటోమేట్ కిందే ఉన్న ‘ఫిట్ ఇమేజ్’. ఫలితాలు ఎప్పుడూ వేరే ఫోల్డర్‌లోకే వెళ్లాలి. అసలు ఫైళ్ల మీదే సేవ్ చేసి మూసేస్తే వాటిని వెనక్కి తేవడం కుదరదు. అడ్డం ఫొటో ఒకటి, నిలువు ఫొటో ఒకటి, చీకటిగా ఉన్నది ఒకటి తీసుకుని ముందు వాటి మీద పరీక్షించాలి.

అన్నిటికంటే జాగ్రత్త కావలసింది ఒంటి రంగు దగ్గర. చర్మాన్ని నునుపు చేసి తెల్లబరిచే ప్రీసెట్‌ను ఫోల్డర్ మొత్తానికీ వేస్తే చామనఛాయ ముఖాలు పాలిపోతాయి, నానమ్మ ముఖంలో ముడతలు చెరిగిపోతాయి. ఇంటివాళ్లు ఆల్బమ్‌లో చూడాలనుకునేది తమవాళ్లను, తమవాళ్లలాగే. కాబట్టి ఒంటి రంగునూ, ముఖాన్నీ తాకే అంచెలను బ్యాచ్‌లో పెట్టకూడదు. సైజు, పేరు, సేవ్ లాంటివి యాక్షన్‌కి అప్పగిస్తే మిగిలే సమయం ఒక్కో ముఖాన్నీ తీరిగ్గా చూడటానికే వెచ్చించాలి.