వాపు లేని నొప్పి అబద్ధమా?

పసుపు తవ్వకాలు ముగిశాయంటే మా పోచంపాడ్ చుట్టుపక్కల ఇళ్లల్లో ఒక మాట వినిపిస్తుంది: "మోచేయి గుంజుతోంది, నీళ్ల చెంబు కూడా ఎత్తలేకపోతున్నా." బీడీలు చుట్టే తల్లులు బొటనవేలి మొదట్లో నొప్పి అంటారు. వారాల్లో తగ్గవలసింది నెలలు గడిచినా తగ్గదు. ఇంట్లోవాళ్లు చెయ్యి పట్టి చూస్తారు. వాపు లేదు, ఎరుపు లేదు. "ఏమీ లేదు, పని చేయడానికి బద్ధకం" అని తేల్చేస్తారు. ఒకప్పుడు మా అమ్మతో నేనూ అలాగే అన్నాను. ఆ తీర్పు తప్పని ఇప్పుడు నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడువంటి భాగమే స్నాయుబంధనం అని మీరు చదువుకున్నారు. మడమ వెనుక పైభాగాన్ని వేళ్లతో పట్టుకోండి. శరీరంలోకెల్లా బలమైన స్నాయుబంధనం చేతికి తగులుతుంది. ఇది చాలాకాలం నొప్పిపెడితే వాపే కారణమని పూర్వం అనుకునేవారు. స్వీడన్‌లోని ఊమియోలో పరిశోధకులు నొప్పి ఉన్న మడమ స్నాయుబంధనంలోకి సన్నని గొట్టం పంపి అక్కడి రసాయనాలను పరీక్షించారు. ఆ ఫలితాలు 1999లో వెలువడ్డాయి. వాపును కలిగించే ప్రోస్టాగ్లాండిన్ అక్కడ మామూలు కంటే ఎక్కువ లేదు. నాడులు సందేశాలు పంపడానికి వాడే గ్లుటమేట్ మాత్రం ఎక్కువగా ఉంది!

తరువాతి సంవత్సరాలలో మరో వింత బయటపడింది. అసిటైల్‌కోలిన్, పదార్థం-పి వంటి సందేశ రసాయనాలను స్నాయుబంధనపు కణాలే తయారుచేయగలవని తేలింది. పదార్థం-పి 11 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దీనిని 1931లో ఆయిలర్, గాడమ్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. నొప్పిని మోసే నాడులకూ దీనికీ దగ్గరి సంబంధం ఉంది. ఊళ్లో తపాలా కచేరీ ఒక్కటే ఉత్తరాలు పంచుతుందని మనం అనుకుంటూంటే, ప్రతి ఇల్లూ తానే చీటీలు రాసి పక్కింటికి అందిస్తున్నదన్న మాట!

అయితే నొప్పికంతటికీ ఈ రసాయనాలే కారణమని గాని, వాపుకు సంబంధించిన కణాలు అక్కడ అసలే ఉండవని గాని అనుకోకూడదు. పైకి కనిపించే వాపు నొప్పికి కొలబద్ద కాదు. నేను చెప్పేది ఇంతే.

పసుపు పండించే ఊరివాళ్లం కనుక పసుపు పట్టు వేస్తాం. దాని వెచ్చదనం హాయిగానే ఉంటుంది. కాని మర్నాడే మళ్లీ అదే బరువు మోస్తే ఏం లాభం? అసలు కదలకుండా కూర్చున్నా లాభం లేదు. కణాలకు బరువు కూడా ఒక సందేశమే. 1998లో ఊమియో వైద్యులే మడమ నొప్పితో బాధపడుతున్న 15 మంది పరుగెత్తేవారిచేత, మడమను మెల్లగా కిందికి దించే వ్యాయామం 12 వారాలు చేయించారు. అందరూ తిరిగి పరుగెత్తగలిగారు. అంటే బరువును పూర్తిగా మానడం కాదు, కొలతగా పెంచడం కావాలి. ఎంత, ఎలా అన్నది వైద్యుడు చెప్పాలి. నెలల తరబడి సొంతంగా నొప్పి మాత్రలు మింగడం అందుకు బదులు కాదు.

విద్యార్థులారా! ఇంట్లో ఎవరైనా చెయ్యి నొప్పి అంటే ముందు నమ్మండి. ఆ పూట నీళ్ల బిందె మీరు ఎత్తండి. తరువాత ఆసుపత్రికి వెంట వెళ్లండి. మా అమ్మ విషయంలో నేను ఇవేవీ చేయలేదు. మీరు చేయండి.