మూడు చక్రాల బండికి బ్యాటరీయే ఆయువు
ఇచ్చిన నాటి శ్రద్ధ నిర్వహణలో ఏదీ? - జాగ్రత్తలు తెలియకుంటే బండి మూలకే!

నల్లగొండ: నడవలేని వికలాంగులకు శిబిరాల్లో అందజేస్తున్న బ్యాటరీ మూడు చక్రాల బండ్లు వారి బతుకుల్లో పెద్ద మార్పే తెస్తున్నాయి. ఒకరు ఎత్తుకుంటే తప్ప గడప దాటలేని మనిషి ఆ బండి ఎక్కి పంచాయతీ కార్యాలయానికో, రేషన్ దుకాణానికో, ఆసుపత్రికో తనంతట తానే వెళ్లి రాగలుగుతున్నాడు. అయితే బండి ఇచ్చే రోజున కనిపించే హడావిడి, దాన్ని కాపాడుకునే పద్ధతి నేర్పడంలో కనిపించదు. తాళం చెవి చేతికి రావడంతోనే బాధ్యత తీరిపోయినట్టు అందరూ భావిస్తారు. బ్యాటరీ ఒకసారి చచ్చిందంటే బండి గోడవారకు చేరుతుంది. దాని యజమాని మళ్లీ అరుగు మీదికి చేరతాడు.

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల సంఖ్య 22 లక్షల 66 వేల పైచిలుకు. నల్లగొండ జిల్లా సంగతి చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకరపోయినవారు, వెన్ను బిగుసుకుపోయినవారు ఎందరో ఉన్నారు. పోలియో లేని దేశంగా భారతదేశానికి 2014లో గుర్తింపు వచ్చినా, అంతకుముందు ఆ వ్యాధి బారిన పడినవారు నేడు నడివయస్సులో ఉన్నారు. ఇన్నాళ్లూ చేతులతో తిప్పే సైకిల్ తోక్కి భుజాలు అరిగిపోయిన వీరికి బ్యాటరీ బండి నిజంగా వరమే.

కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ఈ బండ్లను కాన్పూరులోని కృత్రిమ అవయవాల తయారీ సంస్థ అలింకో తయారు చేస్తుంది. 1972లో ఏర్పడిన ఈ సంస్థ 1976 నుంచి ఉత్పత్తి సాగిస్తోంది. 16 ఏళ్లు నిండిన, తీవ్రమైన వైకల్యం ఉన్నవారికే ఈ బండి ఇస్తారు. ఒకసారి తీసుకున్నవారు మళ్లీ కొత్తది పొందాలంటే ఏళ్ల తరబడి ఆగాలి. కనుక ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే దారి.

లైసెన్సు లేదు, శిక్షణా లేదు

గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు మోటారు ఉన్న ఇలాంటి బ్యాటరీ బండ్లు నిబంధనల ప్రకారం మోటారు వాహనాల లెక్కలోకి రావు. రిజిస్ట్రేషన్ గానీ, లైసెన్సు గానీ అక్కర్లేదు. పేదవాడికి ఇది వెసులుబాటే. కానీ దీనివల్ల నడిపే మనిషికి వచ్చో రాదో చూసేవారు, బండి కండిషన్ తనిఖీ చేసేవారు లేకుండా పోయారు. నేర్చుకోవడం, జాగ్రత్త పడడం పూర్తిగా యజమాని మీదా, అతని ఇంటివారి మీదా పడింది.

అర్ధాయుష్షుకు కారణాలు

చాలా బండ్లలో 12 వోల్టుల సీసం బ్యాటరీలు రెండు జంటగా ఉంటాయి. సెల్‌ఫోను అలవాటుతో కొందరు బ్యాటరీ పూర్తిగా దిగిపోయాకే ఛార్జింగు పెడతారు. ఇది పెద్ద పొరపాటు. సీసం బ్యాటరీ దిగిపోయి అలాగే ఉంటే లోపలి పలకలపై తెల్లటి పొర గట్టిపడుతుంది. ఆ తర్వాత రాత్రంతా ఛార్జింగు పెట్టినా పూర్వపు శక్తి రాదు. బండి కిలోమీటరే తిరిగినా సరే, ఆ రాత్రే ఛార్జింగు పెట్టడం మేలు. జబ్బు చేసో, వానలు పడో బండి వాడకపోయినా పదిహేను రోజులకు ఒకసారైనా ఛార్జింగు పెట్టాలి.

ఎండ కూడా బ్యాటరీకి శత్రువే. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఈ జిల్లాలో బండిని ఆరుబయట వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు చాలా తగ్గిపోతుంది. చెట్టు నీడ గానీ, చిన్న తాటాకు పందిరి గానీ చాలు.

మూత తీసే వీలున్న బ్యాటరీ అయితే అందులో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఊళ్లోని ప్లాంటు నీళ్లు, మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి పనికొస్తాయి గానీ బ్యాటరీకి పనికిరావు. మూత లేని సీల్డు బ్యాటరీని తెరవనే కూడదు. రెండు బ్యాటరీల్లో ఒకటి పాడైతే రెండూ కలిపి మార్చాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే కొత్తది కూడా త్వరగా చెడిపోతుంది. ఇందుకయ్యే ఖర్చుకు పింఛను మీద బతికేవారు నెలల తరబడి కూడబెట్టాలి. రోజువారీ జాగ్రత్త ఆ ఖర్చును వాయిదా వేస్తుంది.

ఛార్జింగు ఎక్కడ పెట్టాలి?

బండితో ఇచ్చిన ఛార్జరునే వాడాలి. ట్రాక్టరు బ్యాటరీల దుకాణంలో పెద్ద ఛార్జరు పెట్టిస్తే ఈ చిన్న బ్యాటరీలు వేడెక్కి ఉబ్బిపోతాయి. సీసం బ్యాటరీకీ, లిథియం బ్యాటరీకీ ఛార్జర్లు వేరు. ఒకదానిది మరొకదానికి పెట్టరాదు. ఉబ్బిన బ్యాటరీకి, కాలిన వాసన వచ్చే బ్యాటరీకి ఛార్జింగు పెట్టడం ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

ఛార్జింగు సమయంలో సీసం బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ ఉండరాదు. గాలి ఆడే చోట పెట్టాలి. ఛార్జరు మీద దుప్పటి, గోనెసంచి కప్పరాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. నడవలేని మనిషి పడుకునే గదిలోనూ, బయటికి వచ్చే దారికి అడ్డంగానూ ఛార్జింగు పెట్టకూడదు. నిప్పు రేగితే అతను లేచి పరుగెత్తలేడు.

ఫ్యూజు పోయినప్పుడు దాని స్థానంలో రాగి తీగ చుట్టడం పల్లెల్లో మామూలే. బండికి ఆ పని చేస్తే వైర్లు కాలిపోతాయి. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోరాదు. కొక్కెం తగిలించి లాగిన కరెంటుతో ఛార్జింగు పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది.

మలుపులో నిదానమే ప్రధానం

ముందు ఒకే చక్రం ఉండడం వల్ల ఈ బండి మలుపులో వేగంగా తిరిగితే పక్కకు ఒరుగుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించాలి. తారు రోడ్డు అంచు దిగేటప్పుడు, చెరువు కట్ట ఎక్కేటప్పుడు ఏటవాలుగా కాకుండా నేరుగా ఎక్కాలి, నేరుగా దిగాలి. వెనుక పిల్లల్ని ఎక్కించుకోవడం, గడ్డి మోపు, బస్తా వేసుకోవడం బండి తూకాన్ని చెడగొడుతుంది. వాగు దాటుతూ నీటిలో దించితే మోటారులోకి నీళ్లు చేరతాయి.

కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చడం ఈ జిల్లాలో ఏటా చూసేదే. రాత్రివేళ ఆ రాళ్లు కనపడక ద్విచక్ర వాహనాలే బోల్తా పడుతుంటే, ఈ చిన్న బండి మాట వేరే చెప్పాలా? చీకటి పడ్డాక ప్రయాణం మానుకోవడమే మంచిది. తప్పనిసరైతే ముందు తెల్ల, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. ఫ్లోరైడు వల్ల మెడ బిగుసుకుపోయినవారు వెనక్కి తిరిగి చూడలేరు. వారి బండికి రెండువైపులా అద్దాలు పెట్టించడం తప్పనిసరి.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తాళం ఆపి, బ్రేకు బిగించాలి. ఆన్‌లో ఉన్న బండి హ్యాండిల్ పట్టుకుని లేవబోతే చేయి యాక్సిలరేటరు మీద పడి బండి ముందుకు దూకుతుంది. లుంగీ, చీర కొంగు, కండువా చక్రాల్లో పడకుండా సర్దుకోవాలి. ఇక బ్యాటరీ పూర్తిగా ఎక్కిందని దూరం పోరాదు. ఎండాకాలం గానీ, పాతబడ్డాక గానీ మొదట్లో నడిచినంత దూరం నడవదు. మీటరులో సగం తగ్గకముందే ఇంటిదారి పట్టాలి.

వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివారికి మరో ముప్పు ఉంది. ఎండలో కాగిన సీటు కాల్చినా తెలియదు. ఒకేచోట గంటల తరబడి కూర్చుంటే పుండు పడుతుంది, మానడానికి నెలలు పడుతుంది. అరగంటకు ఒకసారైనా చేతుల మీద ఒత్తి కాస్త లేచి కూర్చోవాలి. మందపాటి దిండు వేసుకోవాలి.

ఎవరి వంతు ఎంత?

టైర్లలో గాలి, బ్రేకు తీగలు, నట్లు, బోల్టులు వారానికోసారి చూసుకుంటే చాలా వరకు మరమ్మతులు రావు. ఇవి ఊళ్లోని సైకిల్ మెకానిక్ చేయగలడు. మోటారు, కంట్రోలరు, వైరింగు జోలికి మాత్రం తెలిసినవారే పోవాలి. గ్యారంటీ కార్డు, బండి నంబరు దాచి ఉంచితే ఫిర్యాదు చేయడానికి ఆధారం ఉంటుంది.

అయితే భారమంతా వికలాంగుడి మీదే వేయడం న్యాయం కాదు. ఫ్యాక్టరీ కాన్పూరులో, బండి మర్రిగూడలో. మధ్యలో మరమ్మతు చేసేవారు లేకుంటే చిన్న స్విచ్చు పోయినా బండి మూలపడుతుంది. శిబిరంలో బండి ఇచ్చే రోజునే ఒక గంట కేటాయించి యజమానికీ, ఇంట్లో ఒకరికీ నడపడం, ఛార్జింగు పెట్టడం చేయించి చూపాలి. మండలానికి ఒక మెకానిక్‌కు శిక్షణ ఇప్పించి, విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. ఏడాదికోసారి మండల కేంద్రంలో మరమ్మతుల శిబిరం పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. హక్కు అంటే బండి చేతికి ఇవ్వడం ఒక్కటే కాదని, అది నడుస్తూ ఉండాలని అధికారులు గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉంది. ఇన్ని బండ్లు పంచామని చెప్పుకునే లెక్కతో పాటు, వాటిలో ఎన్ని నేటికీ నడుస్తున్నాయో కూడా లెక్క తీస్తే అసలు సంగతి తేలుతుంది.