అంకుశం లేని సింహాసనం: ‘ది మ్యాన్ ఇన్ ది ఐరన్ మాస్క్’ చిత్రంలో కవల పరిష్కారం

ప్రస్తావన

‘నిరంకుశుడు’ అన్న పదంలోనే ఒక రాజనీతి సూత్రం ఇమిడి ఉంది. అంకుశం లేని ఏనుగు ఎటు తిరిగినా అడ్డుండదు. ఈ పదం దోషాన్ని ఏనుగు స్వభావంలో వెతకదు. అదుపు లేకపోవడంలో చూస్తుంది. దుర్మార్గుడైన రాజును తొలగించి, అజ్ఞాతంలో ఉన్న అతని కవల సోదరుణ్ని సింహాసనం ఎక్కించే కథలు దీనికి ఎదురు దిశలో నడుస్తాయి. అవి ఏనుగును మారుస్తాయి, అంకుశం ఊసెత్తవు. అయినప్పటికీ ఇటువంటి ముగింపులను ప్రజావిజయంగా వ్యాఖ్యానించే ధోరణి జానపద చిత్రాల విమర్శలో బలంగా ఉంది. రాండల్ వాలెస్ రచించి దర్శకత్వం వహించిన ‘ది మ్యాన్ ఇన్ ది ఐరన్ మాస్క్’ (1998) ఆ వ్యాఖ్యానం ఎంత బలహీనమైనదో చూపే ఉదాహరణ.

నవల ఓటమి, చిత్ర విజయం

అలెగ్జాండర్ డ్యూమా 1847-50 మధ్య ధారావాహికగా ప్రచురించిన మస్కటీర్ల నవలాత్రయంలోని మూడవ నవల చివరి భాగం ఈ చిత్రానికి ఆధారం. నవలలో ఆరమిస్ 14వ లూయీని రహస్యంగా బాస్టిల్ చెరకు పంపి, కవల సోదరుడు ఫిలిప్‌ను రాజుగా నిలబెడతాడు. ఆ పన్నాగం ఎంతోసేపు నిలవదు. తన ఇంట అతిథిగా ఉన్న రాజుకు ద్రోహం జరిగిందని తెలిసిన ఆర్థికమంత్రి ఫూకే, తనను నాశనం చేయబోతున్న ఆ రాజునే విడిపిస్తాడు. ఫిలిప్ ముసుగుతో శాశ్వత నిర్బంధానికి వెళ్తాడు. నలుగురు వీరుల కత్తులకు లొంగనిది రాజ్యయంత్రం అన్న చేదు గ్రహింపు ఆ ముగింపులో ఉంది.

జేమ్స్ వేల్ 1939లో తీసిన చిత్రమే ఈ ఓటమిని విజయంగా మార్చింది. వాలెస్ చిత్రం అదే దారిలో మరింత ముందుకు వెళ్ళింది. లియొనార్డో డికాప్రియో పోషించిన రెండు పాత్రలలో క్రూరుడు ముసుగులోకి, సౌమ్యుడు సింహాసనం మీదికి చేరుతారు. ఈ మార్పిడి చెరసాలలో, కొద్దిమంది సైనికుల సమక్షంలో జరుగుతుంది. చిత్రారంభంలో ఆకలితో తిరగబడిన పారిస్ ప్రజలకు తమ రాజు మారాడన్న సంగతి కూడా తెలియదు. ఎవరి ఆకలి ఈ కథకు నైతిక బలాన్ని ఇచ్చిందో వారికి ముగింపులో ప్రేక్షకుల పాత్ర కూడా దక్కలేదు. దీనిని ప్రజావిజయం అనడం మాటను దుర్వినియోగం చేయడమే.

చరిత్రకు పూసిన సున్నం

చిత్రం చివరి వ్యాఖ్యానం ఇంకా ప్రమాదకరమైనది. ఆ తరువాత పాలించిన లూయీ ప్రజలకు తిండి, సంపద, శాంతి ఇచ్చి దేశచరిత్రలో అత్యుత్తమ పాలకుడిగా నిలిచాడని అది ప్రకటిస్తుంది. కథాకాలం 1662. లూయీ 1715లో మరణించేవరకూ రాజే. అంటే చిత్ర తర్కం ప్రకారం ఆ మిగిలిన పాలన అంతా మంచి కవలది. 1672లో హాలండ్ మీద దండయాత్ర జరిగింది. 1685లో ప్రొటెస్టెంట్లకు రక్షణగా ఉన్న నాంత్ శాసనం రద్దయింది. అదే సంవత్సరం వలసలలోని బానిసల బతుకును శాసించిన ‘కోడ్ న్వార్’ వెలువడింది. 1693-94 కరవు, 1709 నాటి ఘోరమైన చలి, దాని వెంట వచ్చిన ఆకలి కూడా ఆ పాలనలోనివే. రాజు మంచివాడైతే రాజ్యం మంచిదవుతుందన్న సూత్రాన్ని నిరూపించబోయి, చిత్రం ఈ చరిత్ర అంతటికీ సున్నం పూసింది.

రక్తసంబంధపు చిక్కు

చిత్రంలో ఒక గొప్ప అవకాశం లేకపోలేదు. కవలలిద్దరూ 13వ లూయీ కుమారులు కారని, దార్తన్యాన్‌కు పుట్టినవారని చిత్రం వెల్లడిస్తుంది. నవలలో లేని కల్పన ఇది. ఈ ఒక్క మాటతో వంశపారంపర్య హక్కు కుప్పకూలాలి. రాజవంశపు రక్తం లేని వ్యక్తి ఇంతకాలం రాజుగా చెల్లినప్పుడు, ఆ పీఠానికి జన్మహక్కు ఏమిటన్న ప్రశ్న తలెత్తాలి. రాజు స్థానంలో మరొకరిని నిలపవచ్చునని చూపడమే ఈ కథల తిరుగుబాటు గుణమని వాదించేవారికి ఇక్కడ కొంత బలం దొరుకుతుంది. అయితే చిత్రం ఆ తలుపు తెరిచిన వెంటనే మూసింది. ఆ రహస్యం తండ్రీకొడుకుల కన్నీటి ఘట్టానికి పనికివచ్చిందే కాని, సింహాసనాన్ని ప్రశ్నించడానికి పనికిరాలేదు.

ముసుగు వెనుక సేవకుడు

అసలు ఖైదీ చరిత్ర ఈ కల్పన స్వభావాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1669లో నిర్బంధితుడైన ఉస్టాష్ డోజే అన్న వ్యక్తే ఆ ఖైదీ అని చరిత్రకారులలో ఎక్కువమంది భావిస్తున్నారు. అతడు కేవలం సేవకుడని, పెద్ద ఏర్పాట్లు అక్కరలేదని మంత్రి లూవ్వా జైలు అధికారి సాన్-మార్‌కు రాశాడు. పిన్యెరోల్ కోటలో, అక్కడే బందీగా ఉన్న అసలు ఫూకేకు అతడు సేవకుడిగా పనిచేశాడు. 1698లో బాస్టిల్‌కు చేరి 1703లో మరణించాడు. అతని ముసుగు నల్లని మఖ్మలుది. ఇనుప ముసుగును ప్రచారంలోకి తెచ్చినది వోల్టేర్. ఆ ఖైదీ రాజుకు అన్న అన్న ఊహ కూడా ఆయన పేరుతోనే వ్యాపించింది. ఒక సేవకుడు ముప్పై నాలుగేళ్ళు చెరలో మగ్గితే అది కథకు చాలలేదు. కన్నీరు రావాలంటే అతడు రాజసోదరుడు కావలసివచ్చింది.

తెలుగు పరిశోధనకు సంబంధించి

ఈ చర్చ పరాయిది కాదు. డ్యూమా రాసిన మరో కవలల కథ జెమిని వారి ‘అపూర్వ సహోదరులు’ (1950) మీదుగా బి. విఠలాచార్య ‘అగ్గి పిడుగు’ (1964) వరకు తెలుగు తెరను నడిపించింది. నిరంకుశుడిగా, అతని కవలగా శివాజీ గణేశన్ నటించిన తమిళ ‘ఉత్తమపుత్రన్’ (1958)కు దర్శకుడు తెలుగువాడైన తాతినేని ప్రకాశరావు. ఇటువంటి చిత్రాలపై పరిశోధన చాలావరకు మూలానికీ అనుసరణకూ మధ్య తేడాల పట్టికలతో, ద్విపాత్రాభినయ ప్రశంసతో ఆగిపోతున్నది. వినోదప్రధానమైన కథలను రాజనీతి తూకంలో వేయరాదన్న అభ్యంతరం ఉండవచ్చు. కాని ధర్మం గెలిచిందని తీర్పు చెప్పిన విమర్శ అప్పటికే ఆ తూకాన్ని చేతబట్టింది. పట్టిన తూకాన్ని సరిగా పట్టమనడమే ఇక్కడి వాదం.

ముగింపు

కవల కథ ముగింపును మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. కొత్తరాజు ఏ హక్కుతో కూర్చున్నాడు? ఆకలిగొన్నవారికి ఆ నిర్ణయంలో భాగముందా? పాతరాజు ముసుగు ఏమైంది? వాలెస్ చిత్రం మూడింటిలోనూ తప్పింది. ముఖ్యంగా మూడవదానిలో. చెరసాల అలాగే ఉంది, ఇనుప ముసుగూ అలాగే ఉంది. లోపలి ముఖం మాత్రమే మారింది. ఆ ముసుగును కరిగించని కథను నిరంకుశత్వంపై విజయగాథగా పాఠం చెప్పడం విమర్శ మానుకోవాలి.